ఓడెక్కిన బొంత

మా వ్యాపారానికి ఏడాదికి ఒకటే పంట. రంజాను నెల దగ్గరపడిందంటే ఫుజైరాలో ప్రతి అరబ్బు ఇంట్లోనూ మజ్లిస్, అంటే నలుగురూ కూర్చునే హాలు, కొత్తదవ్వాలి. గోడ చుట్టూ నేల మీద పరిచే పరుపులు, వీపు ఆనించుకునే బాలీసులు, మోచేతి కింద పెట్టుకునే దిండ్లు, అన్నిటినీ విప్పించి, దూది ఏకించి, కొత్త గుడ్డ తొడిగించుకుంటారు. మిగతా ఏడాదంతా మేం తినేది ఆ రెండు నెలల కష్టమే. 2006లో ఆ పంటకు ముందు, జూన్ మొదట్లో, మా ఆయన బుడేన్ సాహెబ్ షాపులో గుడ్డ కత్తిరిస్తూ కత్తెర పక్కన పెట్టి, కాస్త ఆయాసంగా ఉందంటూ దూది బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

బతికినన్నాళ్ళూ అదను చూడకుండా ఏ పనీ చేయని మనిషి. పోవడానికి మాత్రం అదను చూసుకోలేదు.

మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. ఇద్దత్ అంటారు. మేం ప్రొద్దుటూరు వైపు దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఇలాంటి వాటిలో మా అత్త ఫాతిమాబీ మక్కాలో పుట్టినంత గట్టిగా ఉంటుంది. నేను ఏడుస్తూనే లెక్క వేసుకున్నాను. ఇద్దత్ తీరేది రంజాను చివర్లో. అంటే సీజను మొత్తం షాపు గోడకు అవతల, నేను గోడకు ఇవతల.

గోడంటే ఎక్కడో దూరాన ఉన్నది కాదు. ముందు షాపు, వెనక రెండు గదులు, వంటిల్లు. మధ్యలో ఒక తలుపు, తలుపుకు ఒక పరదా. ఆయన ముందు కూర్చుని కొలిచేవాడు, కత్తిరించేవాడు, బేరమాడేవాడు. నేను వెనక కూర్చుని కుట్టేదాన్ని. కుట్టు నాది, పేరు ఆయనది, లైసెన్సు ఇక్కడ మాకు పూచీ ఉండే అరబ్బుది, మా కఫీల్‌ది. అందులో అన్యాయం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఏ వ్యాపారంలోనైనా బోర్డు మీద పట్టేది ఒకరి పేరే.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక వచ్చిన శుక్రవారం నన్నే సాహెబ్ అల్ ఖూజ్ నుంచి కంపెనీ పికప్ వేసుకుని వచ్చాడు. మా ఆయన చెల్లెలి మొగుడు. అక్కడ సోఫాలు కుట్టే వర్క్‌షాపులో మేస్త్రీ. ముందు గదిలో అత్తకు ఎదురుగా కూర్చున్నాడు. నేను, నా కూతురు అనమ్ వంటింటి పరదాకు ఇవతల ఉల్లిపాయలు తరుగుతున్నాం.

“అత్తా, నాకు అల్ ఖూజ్‌లో పని లేక రాలేదు,” అన్నాడు. “షాపు మూతబడితే నలుగురూ నవ్వుతారు. కఫీల్‌తో మాట్లాడినా. ఈద్ అయినంక లైసెన్సు కొత్తగా రాయించాలంట. షాపులో పని జరగకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. నా మీద రాయించుకుంటా. మీరు ముగ్గురూ ఊరికి పోండి. నెలనెలా నేను పంపిస్తా.”

“మరి పిల్ల?” అంది అత్త.

“పిల్లకేముంది? మా ముబారక్ లేడా? మేనత్త కొడుకు. షాపూ ఇంట్లోనే ఉంటాది, పిల్లా ఇంట్లోనే ఉంటాది.”

అనమ్ కత్తి ఆపి నా చెవి దగ్గరికి వంగింది. “నేనేమన్నా బాలీసునా అమ్మా, షాపుతో పాటు కట్టిచ్చేయడానికి?”

అప్పటికి దానికి పదిహేడు. ప్లస్ టూ అయ్యాక షార్జాలో కాలేజీకి పోతానని వాళ్ళ నాన్నను ఒప్పించుకుంది. ఆ ఒప్పుకోలు ఆయనతోనే పోయిందని దాని భయం.

అత్త వెంటనే సరే అనలేదు, కాదనీ అనలేదు. నన్నే సాహెబ్ అల్లుడు. అల్లుడి మాట తోసెయ్యడం ఆమె తరం కాదు. పైగా షాపు అతనికి పోతే పరాయి ఇంటికి పోయినట్టు కాదు, ఆమె కన్న కూతురి ఇంటికే పోతుంది. తక్కెడలో రెండు పళ్ళేలూ ఆమెవే. ఎటు మొగ్గినా ఆమెకు నష్టం లేదు. నష్టమంతా నాకే.

“ఈద్ కానీ నాయనా,” అంది చివరికి.

నేను పరదా ఇవతలి నుంచే అన్నాను: “అన్నా, అంతదాకా షాపు తాళం మా దగ్గరే ఉండనీ.”

“ఉండనీలే తల్లీ. మూసిన షాపు తాళం ఎవరి దగ్గరుంటే ఏముంది!”

ఆయన చెడ్డవాడు కాదు. ఆ చోట ఎవరున్నా వేసే లెక్కే వేశాడు. కానీ ఆ మాట మాత్రం నాకు దబ్బనంలా దిగింది.

ఆగస్టు మొదట్లో మా కఫీల్ భార్య ఉమ్ సయీద్ పరామర్శకు వచ్చింది. మగవాళ్ళు ఎవరైనా వస్తే షాపు వైపు నుంచి వచ్చి పోతారు. ఆడవాళ్ళు సందులోంచి వంటింటి తలుపు దగ్గరికి వస్తారు. ఆమె అలాగే వచ్చి, రెండు మంచి మాటలు చెప్పి, నా బాలీసుకు ఆనుకుని కూర్చుని, ఉన్నట్టుండి నడుము సర్దుకుని ఒక నిట్టూర్పు విడిచింది.

“ఇది ఎవరు కుట్టారు?”

“నేనే.”

“మరి మా ఇంట్లో రాళ్ళెందుకు కుట్టి పంపారు? మా ఆయనా మీ ఆయనా కలిసి కూర్చుని, టీ తాగి, నా మజ్లిస్‌కు ఒంటె మూపురాల్లాంటివి ఎంచారు. ఏళ్ళ తరబడి వాటి మీద కూర్చుంటున్నాను. నడుము నాది, ఎంపిక వాళ్ళది.”

ఆమె అరబ్బీలో అంటున్నది నా చెవిలో పడుతూనే ఉంది, నా బుర్ర అప్పటికే పరుగు తీసింది. ఇన్నాళ్ళూ మా షాపుకు మగవాళ్ళే వచ్చేవాళ్ళు. దిండు మీద కూర్చునేవాళ్ళను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వాళ్ళు షాపుకు రారు, వచ్చినా మా ఆయనతో మాట్లాడరు. ఇప్పుడు చూస్తే నా దగ్గరికి ఆడవాళ్ళు తప్ప రాకూడదు.

“అనమ్, నాన్న గుడ్డల ముక్కలు తగిలించిన అట్ట పట్టుకురా,” అన్నాను.

మూలన తస్బీ పూసలు తిప్పుతున్న అత్త దగ్గింది. ఉమ్ సయీద్ వెళ్ళేదాకా దగ్గుతూనే ఉంది. తలుపు మూశాక అడిగింది.

“ఇద్దత్‌లో బేరమా మున్నీ?”

“గడప దాటినానా అత్తా?”

“దాటలే.”

“మొగోడి కంట పడినానా?”

“పడలే.”

“మరి?”

“నోరుంది గదా అని అడిగినా. పో, ఆ టీ గ్లాసులు తియ్యి.”

వారం తిరిగేసరికి మా సందులో చెప్పులు నిలవడం మొదలైంది. ఉమ్ సయీద్ చెల్లెలు, ఆమె ఆడబిడ్డ, ఆ ఆడబిడ్డ పొరుగింటామె. మగవాళ్ళు షాపుకు వస్తే ధర అడిగేవాళ్ళు. వీళ్ళు దిండు మీద కూర్చుని చూసేవాళ్ళు, ఒరిగి చూసేవాళ్ళు, పిల్లల్ని దొర్లించి చూసేవాళ్ళు. అనమ్ టేపు పట్టుకుని కొలతలు తీసేది. షాపు షట్టరు సగం దించే ఉండేది. లోపల మా పాత పనివాడు అమీర్ జాన్ గుడ్డ కత్తిరించి, దూది ఏకి, మూటలు కట్టి పరదా కింద నుంచి ఇవతలికి తోసేవాడు.

“భాభీ, ఈ ఎర్ర గలేబు ఎవరిది?”

“పచ్చ గేటు ఇంటిది.”

“పచ్చ గేటోళ్ళకు ఎర్ర గలేబా! యల్లా, నాకేం పోయింది.”

వంటింటి తలుపు దగ్గర స్టూలు వేసుకుని అత్త కాపలా. తలుపు చప్పుడైతే “కౌన్?” అంటుంది. మగ గొంతు వినిపిస్తే “షాపుకు పో!” అంటుంది. ఒకసారి నీళ్ళ సీసాలు తెచ్చిన అతను ఆ అరుపుకు సీసాలు సందులోనే వదిలేసి పారిపోయాడు.

అయితే ఆమె ఒక గీత గీసింది. “మజ్లిస్ కుట్టుకో. పెండ్లి పక్క మాత్రం ముట్టొద్దు.”

అది మా కులంలో పాత కట్టు. పెళ్ళి పరుపు కుట్టేటప్పుడు మొదటి దబ్బనం మగడు బతికున్న ఆడమనిషే గుచ్చాలి. నేను తలూపాను. పెళ్ళి పరుపులు అడిగేవాళ్ళు ఆ సీజనులో ఎవరొస్తారులే అనుకున్నాను.

ఆ నెలాఖరులో ఒక సాయంత్రం వచ్చారు.

“కౌన్?” అంది అత్త. జవాబు అరబ్బీలోనే వచ్చింది కానీ మా ఫుజైరా అరబ్బీ కాదు, టీవీ సినిమాల్లో వినిపించే మిస్రీ, అంటే ఈజిప్టువాళ్ళ అరబ్బీ. తలుపు తీస్తే నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, నల్ల తలగుడ్డతో ఒక ముసలమ్మ. ఆ ఎండలో ఆ నలుపు చూసి అత్త “యా అల్లా” అంది. వెనక ఆమె మనవరాలు. పొట్టి జుట్టు, జీన్సు ప్యాంటు, రెండు చేతుల్లో మడిచిన ఎర్ర శాటిన్ బొంత.

“నేను దెస్పినాను, కలియోపి వాళ్ళమ్మను. ఇది దాని కూతురు దఫ్నీ.”

కలియోపి పేరు నాకు తెలుసు. గ్రీసు దేశపామె. మొగుడితో తెగతెంపులయ్యాక అతను వదిలిపోయిన కంపెనీని తనే నడుపుతోంది. చమురు నింపుకోవడానికి ఫుజైరా రేవు బయట లంగరేసే ఓడలకు బియ్యం, కూరగాయల నుంచి పరుపుల దాకా పంపుతుంది. ఆ పరుపులు మా ఆయన కుట్టిచ్చేవాడు. ఓడలకు రంజానూ లేదు, ఈదూ లేదు. ఏడాది పొడుగునా వచ్చే బేరం మాకు అదొక్కటే. అందుకే ఆ ముసలమ్మ చేతిలోని బొంత కంటే ముందు నాకు ఆ బేరమే కనిపించింది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మొగుడు పోయాడని విన్నాను బిడ్డా. మరి నలుపు కట్టలేదేం?”

“మాకు తెలుపమ్మా.”

“ఎన్నాళ్ళు కడతారు?”

“నాలుగు నెలల పది రోజులు.”

“అంతేనా! నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ ఇదే రంగులో ఉన్నాను.”

అత్తకు తెలుగులో చెప్పాను. “పాపం, ఇంక విడువమ్మా అని చెప్పే దిక్కు లేదేమో,” అంది.

దెస్పినా బొంతను నేల మీద పరిచింది. అంచులకు సన్నని తెల్ల కుట్టు, మధ్యలో రెండు పక్షులు. దూది అక్కడక్కడా గడ్డలు కట్టింది. అత్త మోకాళ్ళ మీద వంగి, అలవాటుకొద్దీ ఒక పక్క కుట్టు విప్పి, దూది వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“విప్పి, ఏకించి, మళ్ళీ కుట్టాలి,” అంది దెస్పినా. “మనవరాలి పెళ్ళి పక్క మీదికి.”

దఫ్నీ కిటికీ వైపు చూసింది.

నేను అత్తకు చెప్పాను. చెప్పకుండా కుట్టేద్దామా అన్న ఆలోచన రాకపోలేదు కానీ అత్త కన్ను నా చేతి మీదే ఉంది. ఆమె విప్పడం ఆపేసింది. “పెండ్లి బొంతా? అయితే నువ్వు ముట్టగూడదు.”

దెస్పినాకు మా కట్టు వివరించాను. మొదటి దబ్బనం మగడున్న ఆడమనిషి గుచ్చాలి. ఆమెకు అది వింతగా ఏమీ అనిపించలేదు. తల పంకించి, అలాంటి మనిషి కోసం గదంతా చూసింది. నేనూ చూశాను. అత్త, నేను, దెస్పినా. ముగ్గురం, ముగ్గురమూ మొగుడు లేనివాళ్ళమే.

“మీ అమ్మ?” అని దఫ్నీని అడిగాను.

“మా నాన్న బతికే ఉన్నాడు,” అంది ఆ పిల్ల. ఫుజైరాలో పెరిగిందిగా, మా అరబ్బీయే. “సైప్రస్‌లో. ఇంకో ఆవిడతో. అది మీ లెక్కలోకి వస్తుందా?”

అనమ్ పకపకా నవ్వుతూ అత్తకు తెలుగులో చెప్పింది. అత్త కసిరింది కానీ ఆమె పెదవులూ కదిలాయి.

“మా దగ్గర పెళ్ళి పక్క పరిచేది పెళ్ళి కాని పిల్లలే,” అంది దెస్పినా అనమ్‌ను చూపిస్తూ. నేను తెలుగులో చెబితే అత్త కాసేపు ఆలోచించి, “సరే, వాళ్ళ బొంత, వాళ్ళ రివాజు. పిల్లే గుచ్చనీ,” అంది. బేరం కుదిరిందనుకుని నేను ఊపిరి పీల్చుకునేలోపు దఫ్నీ అమ్మమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది.

“యాయా, పెళ్ళికొడుకు ఎవరో వీళ్ళకు చెప్పు.”

ముసలమ్మ బొంత అంచు సర్దింది.

“పెళ్ళి లేదు,” అంది దఫ్నీ మావైపు తిరిగి. “ఓడ ఉంది. నేను ఓడ నడపడం చదువుతున్నాను. అక్టోబరులో ఇక్కడే, మన రేవు బయటే, ఓడెక్కుతాను. ఈ బొంత నాతో రావాలి.”

“మగవాళ్ళ ఓడలోకి పెళ్ళి బొంతా? నేను బతికుండగా జరగదు!”

ఆ తర్వాత ఇద్దరూ గ్రీకులో పోట్లాడుకున్నారు. మాకు ఒక్క మాట రాదు, అయినా అర్థం కాని మాట ఒక్కటీ లేదు. చివరికి దెస్పినా “ఖలాస్!” అని అరబ్బీలో అరిచి వెళ్ళిపోయింది. దఫ్నీ కళ్ళు తుడుచుకుంటూ ఆమె వెనకే పోయింది. ఒక పక్క విప్పిన బొంతను మడవడానికి లేదు, దూది రాలుతుంది. అది నేల మీదే ఉండిపోయింది. దాని పక్కనే ఓడల పరుపుల బేరమూ పడి ఉన్నట్టు నాకు కనిపించింది.

అత్త ఒక దుప్పటి తెచ్చి దాని మీద కప్పింది. వచ్చేపోయే ఆడవాళ్ళు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ఆ మధ్య అత్త రెండు మూడుసార్లు దుప్పటి ఎత్తి, ఆ పక్షుల మీద చెయ్యి వేసి, మళ్ళీ కప్పడం చూశాను.

రంజానుకు వారం ముందు దెస్పినా ఒక్కతే వచ్చింది. “నా బొంత నాకివ్వు.”

“ఇస్తాను. అంచు కట్టి ఇవ్వాలి కదా. కూర్చుని కాఫీ తాగండి,” అన్నాను. కూర్చున్న గిరాకీ పోయిన గిరాకీ కాదు. వ్యాపారంలో నాకు మా ఆయన నేర్పిన మొదటి పాఠం అది.

దారం వెతుకుతున్నట్టు నటిస్తూ అడిగాను. “ఇది మొదట ఎవరు కుట్టారమ్మా?”

“మా అమ్మ. కాసోస్ అని చిన్న దీవి. అక్కడ మగవాళ్ళంతా సూయజ్ కాలువ పనికి పోయేవాళ్ళు. పెళ్ళి చేసుకుని, ఇది తీసుకుని పోర్ట్ సయీద్‌కు వచ్చింది. అప్పుడు ఇందులో ఉన్ని ఉండేది.”

“మరి దూది?”

“నా పెళ్ళికి మిస్రీ దూది నింపించింది. ఆ ఏడే మా ఆయనకు గ్రీసులో, పిరేయస్ రేవులో ఉద్యోగం దొరికింది. ఓడలో పోయాం. రాత్రి డెక్కు మీద దీన్నే కప్పుకున్నాం.”

“కలియోపికి?”

“పైన శాటిన్ మార్పించాను. పెళ్ళయిన నెలకే మొగుడితో ఇక్కడికి వచ్చేసింది. ఇది వాళ్ళ సామానుతో పాటు ఓడలో వచ్చింది.”

నేను దారం పక్కన పెట్టాను.

“అమ్మా, నేను చదువుకున్నదాన్ని కాదు. లెక్క మాత్రం వచ్చు. చెప్పనా?”

“చెప్పు.”

“మీ అమ్మ పెళ్ళి నిలిచింది. మీదీ నిలిచింది. కలియోపిది నిలవలేదు. బొంత మాత్రం తప్పకుండా ప్రతిసారీ సముద్రం దాటింది. నా లెక్కలో ఇది పెళ్ళి బొంత కాదు. మీ ఇంట్లో ఒడ్డు మారే ఆడపిల్లకు ఇచ్చే బొంత. ఆ కాలంలో పెళ్ళయితే తప్ప ఆడపిల్లను ఓడెక్కించేవాళ్ళు కాదు కాబట్టి పెళ్ళి దానికి తోడొచ్చింది. అంతే.”

బేరం పోకుండా ఉండాలనే నోరు తెరిచాను. కానీ చెప్పడం పూర్తయ్యేసరికి ఆ మాట నాకే నిజమనిపించింది.

దెస్పినా కప్పు అందుకుంది. కాఫీ అడుగుదాకా తాగింది. కప్పును సాసరులో బోర్లించి, తిప్పి, జోస్యం చూస్తున్నట్టు మడ్డి గీతలు చూసి, కింద పెట్టేసింది.

“ఓడలో చలిగా ఉంటుంది,” అంది.

“ఏసీ ఎక్కువంట అమ్మా.”

“దూది ఇంకొంచెం కలుపు అయితే.”

అత్త నా మోచెయ్యి పొడిచింది. “ఏమంటాంది ఆ యమ్మ?”

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె ఒక్క మాటే అడిగింది.

“అయితే పెండ్లి బొంత గాదా?”

“కాదత్తా.”

అత్త నా ముఖంలోకి చూసింది. లేచి, డబ్బా తెచ్చుకుని, అందులోంచి తన పాత దబ్బనం తీసింది. దారం నాలుకతో తడిపి బెజ్జంలోకి ఎక్కించబోతే తప్పింది. అనమ్ చెయ్యి చాపితే తోసేసింది. మళ్ళీ తడిపి, మళ్ళీ ప్రయత్నించి, ఎక్కించింది. దబ్బనం నా ముందుకు చాపింది. నేను పట్టుకున్నాను కానీ ఆమె వెంటనే వదల్లేదు.

“బిస్మిల్లా అను,” అంది.

అన్నాను. అప్పుడు వదిలింది.

ఆ రోజు అమీర్ జాన్ దూది ఏకి తోశాడు. కొత్త దూది ఒక గుప్పెడు అత్త కలిపింది, ఒక గుప్పెడు దెస్పినా కలిపింది. పక్షుల దగ్గర కుట్టు ఎలా తిప్పాలో దెస్పినా చూపిస్తుంటే, అలా కాదు ఇలా అని అత్త తెలుగులో చెబుతుంటే, అది కాదని ఆమె గ్రీకులో అంటుంటే, మధ్యలో నేను ఇద్దరి మాటా వినకుండా కుట్టుకుపోయాను. ఇంటికి పోయేముందు దెస్పినా గుమ్మంలో ఆగి, “ఓడల పరుపుల సంగతి కలియోపి మాట్లాడుతుంది. దాన్ని ఈ తలుపు నుంచే పంపిస్తాను,” అంది.

రంజాను మధ్యలో నన్నే సాహెబ్ వచ్చాడు. ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, మూటలు ఎక్కడ పడితే అక్కడ పేర్చి ఉండటం చూసి, అమీర్ జాన్‌ను చూసి, ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

“షాపు మూసే ఉందన్నా,” అన్నాను పరదా వెనక నుంచి. “బేరం వంటింట్లో జరుగుతాంది.”

“వింటినమ్మా. కఫీల్ ఇంట్లో ఆడోళ్ళు నువ్వు తప్ప ఇంకొకరు కుట్టగూడదని పట్టుబట్టినారంట. లైసెన్సు నీ పనికే ఉంచుతాడంట, వీసా కూడా దాని మీదనే రాస్తాడంట.” గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. అత్త వైపు తిరిగాడు. “అయితే గానీ అత్తా, ఒక మాట. ఆడమనిషి షాపు నడిపితే మన కులంలో ఏమంటారు? ఇట్లాంటిది మనలో ఎప్పుడన్నా ఉందా?”

అత్త తస్బీ ఆపింది.

“మీ మామకు చెయ్యి విరిగిన ఏడు దూదేకే విల్లు ఎవరు పట్టినారు నాయనా?”

“మామే గదా. తలుపేసుకొని ఏకుతాండె. దగ్గు వినపడుతాండె బయటికి.”

“దగ్గు మీ మామదే. విల్లు నాది. ఏకేది ఆయనే అని ఊరోళ్ళు అనుకోవాలని పక్కన కూర్చొని దగ్గుతాండె. ఆ చలికాలం ఊళ్ళో పరుపులన్నీ నేనే ఏకినా. ఏ పరుపన్నా మెత్తగా లేదని ఎవరన్నా అన్నారా?”

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నా చెవిన పడలేదు.

“ఆ దగ్గు నాకింకా గుర్తుందత్తా,” అన్నాడు నన్నే సాహెబ్. నవ్వడం మొదలుపెట్టాడు. “అల్లా! మా మామ ఊపిరితిత్తులకు ఎంత మందు తెచ్చిచ్చినానో!”

“ఇంగ పిల్ల సంగతి,” అంది అత్త. “అది పిల్లను అడుగు. నన్నడగొద్దు.”

పరదా వెనక అనమ్ నా భుజం గట్టిగా పట్టుకుంది.

మనిషి ఖాళీ చేతులతో పోతే మళ్ళీ రాడు. అందులోనూ సొంత మనిషి. నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పాను. “అన్నా, గ్రీకామె ఓడలకు స్పాంజి పరుపులు కూడా అడుగుతాంది. స్పాంజి కోసే మిషను మాకు లేదు, మీ అల్ ఖూజ్‌లో ఉంది. ఆ పని నువ్వు చేసిపెట్టు. లాభంలో సగం నీది.”

ఆయన ఆ రోజు ఇఫ్తారుకు ఉండి, మా ఇంట్లో గంజి తాగి వెళ్ళాడు. పోతూ పోతూ షట్టరుకు నూనె పెట్టి, అటూ ఇటూ లాగి చూసి మరీ పోయాడు.

దూది ఏకేటప్పుడు తరుగు పోతుంది. తూకం తగ్గుతుంది, ఎత్తు మాత్రం పెరుగుతుంది. ఆ ఏడాది మా ఇంటి లెక్క చూసుకుంటే అలాగే తేలింది.

ఇద్దత్ తీరిన రోజు తలంటు పోసుకుని, అత్త తీసిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. వంటింటి తలుపు వైపు నడుస్తుంటే ఆమె అడ్డం నిలబడింది. “అట్ల గాదు, ఇట్ల పో,” అని పరదా ఎత్తి పట్టుకుంది. షాపులోంచి, ఆయన కత్తెర పక్కనుంచి, పూర్తిగా ఎత్తిన షట్టరు కింద నుంచి బజారులోకి నడిచాను. అమీర్ జాన్ తల వంచుకుని సలాం చేశాడు.

మేం ముగ్గురం పోయింది రేవు దగ్గరికి. దఫ్నీ ఓడెక్కేది ఆ సాయంత్రమే. దూరంగా లంగరేసిన ఓడలు బారులు తీరి ఉన్నాయి. ఆమెను తీసుకుపోవడానికి చిన్న లాంచి వచ్చింది. దఫ్నీ వీపు మీద సంచి, చంకలో తాడుతో కట్టిన ఎర్ర బొంత. కలియోపి ఫోనులో ఎవరితోనో కూరగాయల గురించి మాట్లాడుతూనే కూతుర్ని కావలించుకుంది. దెస్పినా మేజోళ్ళు పెట్టుకున్నావా, మందులు పెట్టుకున్నావా అని తిట్టినట్టు అడుగుతోంది. లాంచి కదిలాక మాత్రం నోరు మూసుకుని, వచ్చి అత్త పక్కన నిలబడింది. ఇద్దరికీ భాష కలవదు. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఏది ఆ పిల్ల ఓడ?” అని అడిగింది నన్ను.

“తెలీదత్తా. అన్నీ ఒకేలా ఉన్నాయి.”

లాంచి చిన్నదవుతూ పోయింది. ఎర్రరంగు చుక్కలా కాసేపు కనిపించి, ఇక కనిపించలేదు. అత్త చీర కొంగు సర్దుకుని అనమ్ వైపు తిరిగింది.

“ఏమ్మే, నీ బొంతకు దూది ఎప్పుడు తెచ్చుకుందాం?”

అనమ్ ముఖం మాడిపోయింది. “నాకిప్పుడే పెండ్లి వద్దు జేజీ.”

“పెండ్లని నేనంటినా?” అంది అత్త.